ఎడమకు తిరగని మెడ

"మెడ ఎడమకు తిప్పండి," అన్నది డాక్టరమ్మ.

వెంకటేశప్ప కుడివైపు గోడను చూస్తూ అలాగే కూర్చున్నాడు.

"తిరగదమ్మా."

"తిరగదా, తిప్పరా?"

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది, బెంగళూరులో, వ్యాయామంతో నొప్పులు కుదిర్చే ఒక ఆసుపత్రి గదిలో జరిగిన ఈ విచారణకు జవాబు చెప్పింది రోగి కాదు. వెంట వచ్చిన భార్య సావిత్రమ్మ.

"తిప్పరమ్మా. అంగట్లో ఎడమపక్క వీళ్ల తమ్ముడు కూసోనుంటాడు."

నగర్తపేటలో పట్టునూలు అంగడి స్థాపించిన మహనీయుడు కాలం చేశాక, కొడుకులిద్దరూ ఆస్తినంతా సామరస్యంగానే పంచుకున్నారు, ఆయన ఆసీనుడైన దిండు తప్ప. దిండును సగానికి కోస్తే మిగిలేది దూది. పెద్దల సమక్షంలో, అరచేతిలో కర్పూరం వెలిగించి, వెంకటేశప్ప గర్జించాడు.

"ఇంక వీని మొగం సూస్తే నేను మా నాయనకు పుట్టినోణ్ణే కాదు!"

ఇంతటి చారిత్రక ప్రతిజ్ఞకు అడ్డొచ్చిన స్వల్ప విషయం ఒక్కటే: అంగడి ఒకటే. నడుమ గోడ కట్టాలంటే అన్నదమ్ములు ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలి. కనుక మోకాటి ఎత్తు చెక్కపలకతో సరిహద్దు నిర్ణయమైంది. ఇటు అన్న. అటు, చేయి చాపితే అందే దూరంలో, తమ్ముడు సొన్నప్ప.

ఏళ్ల తరబడి వెంకటేశప్ప కుడిగోడను చూస్తూనే బేరాలు చేశాడు. దాని బీటలు ఆయనకు తెలిసినంతగా కట్టిన మేస్త్రీకి కూడా తెలియవు. క్రమేణా ఆయనకన్న ఆయన మెడే ప్రతిజ్ఞను నిష్ఠగా పాటించసాగింది. నొప్పి భుజంలోకి దిగింది; చేతిలోకి పాకింది; నూలు తూచే వేళ్లను మొద్దుబార్చింది.

"ఎముక బాగుంది. కండరాలు బిగుసుకుపోయాయి," అని డాక్టరమ్మ తీర్పు చెప్పింది. "గంట కొట్టినప్పుడల్లా, కూర్చున్న చోటే, గడ్డం ఎడమ భుజం మీదికి వచ్చేదాకా మెల్లగా తిప్పండి. లెక్కపెట్టుకుంటూ అక్కడే ఆపి, మళ్లీ వెనక్కి తెండి. మానేశారో, ఆ చేయి మీది కాదనుకోండి."

"పోతే పోనీ చెయ్యి!"

"పోనీండి. అన్నం మాత్రం నేను తినిపించను," అన్నది సావిత్రమ్మ.

ఇంటికి పోయే దారిలో వెంకటేశప్పకు ఒక ధర్మసూక్ష్మం స్ఫురించింది. చూసేది కన్ను, తిరిగేది మెడ. ప్రమాణం కంటికే వర్తిస్తుంది, మెడకు కాదు.

మర్నాడు గోడ గడియారం మోగగానే, కళ్లు గట్టిగా మూసుకుని, ఆయన తన శిరస్సును శత్రుభూభాగం వైపు నడిపించాడు. ప్రాణం పోయినంత పనైంది. అయినా విడువలేదు. వారాలు గడిచేకొద్దీ వేళ్లలో స్పర్శ మేలుకొంది.

అంతలో ఒక పూట, మెడ తిప్పుతూ "అమ్మా" అని మూలిగాడు.

"అమ్మా," అన్నది పలక అవతలి గొంతు.

వెక్కిరింపు! వెంకటేశప్ప మెడను కుడివైపు తెచ్చుకుని, ఉభయపక్షాల మూటలూ మోసే హమాలీ నంజప్పను రాయబారం పంపాడు.

"నంజప్పా, ఎక్కిరిస్తే పండ్లు రాలతాయని ఆ పక్కోనికి చెప్పు!"

"ఎక్కిరించేది ఎవురో ఆయన్నే అడుగప్పా!" అని అటునుంచి సొన్నప్ప అరిచాడు.

నంజప్ప తుండుగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు.

"ఏంటికిరా నవ్వేది? వాడేమి చేస్తా ఉండాడు?"

"సుమ్నే, ఊరికే నవ్వితిని సామీ. రెండు పక్కలా కూలి తినేటోణ్ణి, నన్నేల అడిగేది?"

ఆనాటి నుంచి నొప్పి తగ్గినకొద్దీ పగ పెరిగింది. గంట మోగేసరికి గుమ్మం ముందు జనం చేరుతున్నారు. వెంకటేశప్ప కళ్లు మూసుకుని తిరగగానే అవతల ఏదో గొణుగుడు. శాపాలు కాక మరేమిటి? ఆ వెంటనే జనం నవ్వు. నాలుక చాపుతున్నాడా? కనుగుడ్లు తిప్పుతున్నాడా? తన కళ్లెదుటే తనకు జరుగుతున్న అవమానాన్ని వీధి అంతా చూస్తోంది, తాను తప్ప.

"కండ్లు తెరిచి సూడకూడదా?" అన్నది ఒక పొద్దున ఇంట్లో సావిత్రమ్మ.

"మరి ఒట్టు?"

"ఆ ఒట్టుకే కదా చెయ్యి పోబోయింది!"

ఆ మధ్యాహ్నం గడియారం మోగింది. ఆయన మెడ తిరిగింది. గొణుగుడు మొదలైంది. చందాపుర నుంచి వచ్చిన బేరగాడొకడు పొట్ట పట్టుకుని, "ఇట్లాంటిది యాడా సూడలేదప్పో!" అని గుమ్మంలోనే కూలబడ్డాడు.

ఇక చాలు. కోలుకున్న వేళ్లు తూకపు రాయిని బిగించి పట్టుకున్నాయి. ఆ వెక్కిరించే ముఖాన్ని ఒక్కసారి చూసి, మరెవరూ చూడలేనట్టుగా చేయడానికి నిశ్చయించుకుని, రాయి పైకెత్తి, వెంకటేశప్ప కళ్లు తెరిచాడు.

చేతికందే దూరంలో సొన్నప్ప, గడ్డం కుడి భుజానికి ఆనించి, కళ్లు రెండూ గట్టిగా మూసుకుని, నొప్పికి పళ్లు బిగబట్టి లెక్కపెట్టుకుంటున్నాడు.