మూడు ప్రతులు

"తర్వాతివాళ్లు రండి."

ఆమె తలెత్తకుండానే పిలిచింది. పైన ఎక్కడో గోడ కూలింది. నేలమాళిగ కప్పు నుంచి సున్నం రాలి రిజిస్టరు మీద పడింది. ఉఫ్‌మని ఊది, సగంలో ఆగిన పేరు పూర్తిచేసింది.

పై అంతస్తులోని గుర్తింపు చీటీల ఆఫీసు బాంబుకు కూలాక పని ఇక్కడికి దిగింది. పనితోపాటు పద్ధతీ మారింది. ఆరు పేజీల దరఖాస్తు అరపేజీ అయింది. కాగితాలు కాలిపోయినవారికి ఇరుగుపొరుగు ఇద్దరి సాక్ష్యం చాలు. ఫొటో లేనివారికి పుట్టుమచ్చ చాలు. ఈ గుర్తింపు చీటీ చూపితేనే వంతెన కాపలావాళ్లు అవతలి ఒడ్డుకు వదులుతారు. ఈ సాయంత్రం పొద్దు గుంకగానే వంతెన మూసేస్తారు. మళ్లీ తెరుస్తారో లేదో ఎవరికీ తెలియదు. మెట్ల మీద ఇంకా రెండు వందల మంది ఉన్నారు.

"పుట్టుమచ్చ ఎక్కడుంది అవ్వా?"

"వీపు మీద. నేనెన్నడూ చూళ్లేదు తల్లీ, మా ఆయన చెప్పేవాడు."

"చూసినవాడి మాటే సాక్ష్యం. వేసెయ్యండి బాబాయ్."

అందరూ సీళ్ల బాబాయ్ అని పిలిచే ముసలి అటెండరు ఠప్పుమని ముద్ర వేశాడు.

అప్పుడే జనాన్ని తోసుకుంటూ సైన్యం కెప్టెన్ మెట్లు దిగాడు.

"ఈ గది మాకు కావాలి. మందుగుండు పెట్టెలు దించాలి. గంటలో ఖాళీ చేయండి."

"ఆర్డరు ఏదీ?"

"ఇస్తున్నానుగా."

"నోటిమాటలు నీటిమూటలు కెప్టెన్‌గారూ. కాగితం మీద కావాలి. నంబరు, తేదీ, మీ పైవారి సంతకం. మూడు ప్రతులు."

"యుద్ధం జరుగుతోందమ్మా, తెలుస్తోందా మీకు?"

"అందుకేగా మూడు ప్రతులు. ఒకటి కాలినా రెండు మిగులుతాయి."

మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. కెప్టెన్ ముఖం కందగడ్డ అయింది.

"అసలు మీ హోదా ఏమిటి?"

ఆమె కలం ఒక్క క్షణం ఆగింది. సీళ్ల బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్ సంతకం లేందే వంతెన మీద ఈగ కూడా దాటదు సార్. మీ కాపలావాళ్లనే అడగండి."

అది నిజమే. ఆ సంతకం చూసి తన మనుషులే దారి వదలడం కెప్టెన్ కళ్లారా చూశాడు. ముద్ర పడ్డ కాగితాన్ని కాదనడం ఆయన కొలువులో ఎవరూ నేర్పలేదు.

"మూడేనా?" అన్నాడు పళ్లు కొరుకుతూ.

"మూడే. తెచ్చాక మీరు వరసలో నిలబడక్కర్లేదు, నేరుగా రండి."

ఆయన వెళ్లాడు. ఆమె రాసింది. వేళ్లు కొంకర్లు పోయినా రాసింది. కప్పు అదిరినా రాసింది. గవాక్షంలోంచి పడిన ఎండ బల్ల దిగి, నేల దాటి, ఎదురు గోడకు పాకింది.

చిట్టచివరి చీటీ అందుకున్న తల్లి బిడ్డను భుజాన వేసుకుని మెట్లెక్కుతుంటే, కెప్టెన్ మూడు ప్రతులతో ఎదురయ్యాడు. ఆమె మూడింటినీ ఆసాంతం చదివింది. అందినట్టు సంతకం చేసింది.

"ఇక గది మీది," అంది.

కెప్టెన్ పెట్టెల కోసం పైకి వెళ్లగానే, సీళ్ల బాబాయ్ ఖాళీ చీటీ ఒకటి ఆమె ముందుకు జరిపాడు.

"వంతెన మూయడానికి ఇంకా పావుగంట ఉంది అమ్మాయ్. నీదీ రాసేసుకో."

"ఎవరి చీటీ మీద వాళ్లే సంతకం పెట్టుకోకూడదు బాబాయ్. అది నిబంధన."

అన్ని నిబంధనలూ మార్చిన ఆమె ఆ ఒక్కదాన్నీ మార్చలేదు.

యుద్ధం మొదలైన ఉదయం అసలు అధికారి వెనక తలుపులోంచి జారుకుంటే, ఆయన పడేసిన కలం అందుకుని పని మొదలుపెట్టిన ఆమె, అంతకుముందు క్షణం దాకా ఆ చీటీ కోసమే వరసలో నలభై ఒకటో మనిషిగా నిలబడి ఉంది.