కాలి రెక్కల బరువు

రేపు పొద్దున్నే విమానం. సంచి ఏడు కిలోలు దాటకూడదు. డైవింగు సామాన్ల దుకాణంలో తండ్రికి కాలు నిలవడం లేదు. మాస్కు, పల్చటి సూటు కొన్నాడు. సిలిండరు వెళ్ళే చోటే అద్దెకిస్తారు. ఇక మిగిలింది కాళ్ళకు తొడుక్కునే ఫిన్స్.

"ఇవి పొట్టివి, తేలిక, చవక. మీ అమ్మాయి బ్యాగులో ఇట్టే పట్టేస్తాయి," అన్నాడు దుకాణదారు.

పదమూడేళ్ళ కూతురు వాటిని ముట్టుకోనైనా లేదు. గోడకు వేలాడుతున్న పొడవాటి రబ్బరు జతను దించి గుండెలకు హత్తుకుంది. "నాకివే కావాలి."

తండ్రి వాటిని కాటా మీద పెట్టి తల పట్టుకున్నాడు. "ఇనపగుండ్లలా ఉన్నాయి తల్లీ! ధర కూడా రెట్టింపు. ఏమిటే ఈ మంకుపట్టు?"

"నేనే మోస్తాలే నాన్నా."

"ఇప్పుడంటే మోస్తావు. సెలవులయ్యాక మీ అమ్మ దగ్గరికి వెళ్ళేటప్పుడు నీ పెట్టెలో ఎలా పడతాయే?"

కూతురు తల దించుకుంది.

"పట్టవుగా. అప్పుడు నీ ఇంట్లోనే ఉంచేయాలి. వీటికోసమైనా వచ్చే సెలవులకి అమ్మ నన్ను నీ దగ్గరికి పంపాలి కదా."

 తండ్రి పొట్టి జతను దుకాణదారు వైపు నెట్టాడు.

"ఇంతకంటే బరువైనవి ఉన్నాయా?"