చీమలు పట్టని డబ్బా

"అమ్మా, మీ డబ్బాకి చీమలు పట్టాయి."

హెడ్ క్లర్కమ్మ ఫైల్లోంచి తలెత్తలేదు.

"నీ టీ గదిలో చీమలు పట్టనిదేది పెద్దాయనా? నిన్ను పట్టలేదు, సంతోషించు."

పక్క సీట్లవాళ్ళు కిసుక్కున నవ్వారు. టీ పెద్దాయన కూడా నవ్వాడు. కొత్తగా కాంట్రాక్టు మీద వచ్చాడాయన. పేరేంటని ఎవరూ అడగలేదు.

"అది కాదమ్మా. షుగర్ ఫ్రీ పౌడరుకి చీమలు రావు. అందులో వాటికి గిట్టుబాటయ్యేది ఏముంటుంది?"

"నీ చీమలు కూడా ఒళ్ళు తగ్గాలనుకుంటున్నాయేమోలే. టీ పెట్టు."

ఆవిడ ఒళ్ళు తగ్గడం సరదాకి కాదు.

తమ్ముడికి రెండు కిడ్నీలూ పోయాయి. ఒకటి నేనిస్తానని అక్క ముందుకొచ్చింది. రక్తం కలిసింది, అన్నీ కలిశాయి. డాక్టరు మాత్రం ఒక మెలిక పెట్టాడు.

"మీ షుగర్ అంచు మీదుంది. అది దిగాలి, బరువు ఏడు కిలోలు తగ్గాలి. మూడు నెలలు టైమిస్తున్నాను. తగ్గకపోతే మీ ఒంటి మీద కత్తి పెట్టను."

ఆ రోజు నుంచి ఆవిడ స్వీటు ముట్టలేదు, లిఫ్టు ఎక్కలేదు. టీ ఒక్కటే మానలేకపోయింది. ఆఫీసులోనే ఐదు కప్పులు.

అందుకని భర్త ఎక్కడెక్కడో తిరిగి షుగర్ ఫ్రీ పౌడరు తెచ్చాడు. ప్రతి సోమవారం తనే స్వయంగా డబ్బా నింపి బ్యాగులో పెట్టేవాడు.

"మొగుడంటే అలా ఉండాలమ్మా. మా ఆయనకి వంటింట్లో పంచదార ఎక్కడుంటుందో కూడా తెలీదు" అనేది పక్క సీటావిడ.

అయినా నెలన్నర గడిచినా కిలో కూడా కదల్లేదు.

పెద్దాయన టీ తెచ్చి పెట్టి, వెళ్ళకుండా నిలబడ్డాడు.

"ఈ డబ్బా ఎవరు నింపుతారమ్మా?"

"మా ఆయన. ఏం?"

ఆయన ఇంకేదో అనబోయి ఆగాడు.

"ఏం లేదమ్మా. తమ్ముడుగారికి ఎలా ఉంది?"

ఆ వారం నుంచి డబ్బాకి చీమలు పట్టలేదు. బరువు కూడా కదిలింది. నాలుగు వారాల్లో మూడు కిలోలు. మెట్లెక్కినందుకు ఫలితం దక్కిందనుకుంది.

టీ రుచే తేడాగా అనిపించింది. తాగాక నాలిక చివర ఏదో చేదు. ఇంట్లో తాగితే అది లేదు. ఇక్కడే.

ఒకరోజు చెప్పకుండా టీ గదిలోకి వెళ్ళింది.

పెద్దాయన ఒక చేత్తో ఆవిడ డబ్బా, ఇంకో చేత్తో చిన్న సీసా పట్టుకుని ఉన్నాడు. సీసాలో తెల్లటి పౌడరు.

"ఏంటది?"

"నాదేనమ్మా."

"నీదా? ఇంత ఖరీదు పౌడరు నీకెందుకు? నాది నీ సీసాలోకి ఒంపుకుని, నా డబ్బాలో ఇంకేదో కలుపుతున్నావు కదూ? అందుకే చేదొస్తోంది."

ఆయన డబ్బా వంక చూశాడు. ఆవిడ వంక చూశాడు. మెడలో తాళి వంక చూశాడు.

"పొరపాటైందమ్మా" అన్నాడు.

సాయంత్రానికల్లా మేనేజరు లెక్క తేల్చి పంపించేశాడు.

వెళ్తూ వెళ్తూ ఆవిడ సీటు దగ్గర ఆగాడు.

"ఇక నుంచి డబ్బా మీరే నింపుకోండమ్మా. మీ చేత్తో."

దొంగతనం చేసింది కాక, పైగా నీతులా అని మొహం తిప్పుకుంది.

టీ మళ్ళీ బాగుంది. చేదు పోయింది.

మూడు వారాల తర్వాత డాక్టరు కాగితాలు చూసి కళ్ళజోడు తీశాడు.

"తగ్గినట్టే తగ్గి మళ్ళీ పెరిగారు. షుగర్ కూడా దిగలేదు. ఈసారికి కుదరదమ్మా."

బయట బెంచీ మీద తమ్ముడు కూర్చుని ఉన్నాడు.

"పోనీలే అక్కా. నీ వంతు నువ్వు చేశావు కదా."

ఆ మాటకన్నా నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

ఇంటికొచ్చి బ్యాగు వంటింటి గట్టు మీద పడేసింది. మొహం కడుక్కుని వచ్చేసరికి గట్టు అంచు నుంచి బ్యాగు దాకా సన్నటి నల్లటి గీత. కదులుతోంది.

డబ్బా మూత తీసి, వేలితో అద్దుకుని నాలిక మీద పెట్టుకుంది.

మిక్సీలో మెత్తగా తిప్పిన పంచదార.

భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఎప్పటినుంచి?"

"మొదటి నుంచీ."

"ఎందుకండీ?"

"నువ్వు తగ్గితే నిన్ను కోస్తారు. తగ్గకపోతే కొయ్యరు. అంతకుమించి నేనేం ఆలోచించలేదు."

"వాడు నా తమ్ముడండీ."

"నువ్వు నా పెళ్ళానివి."

ఆవిడకి ఏడుపు రాలేదు. ప్రతి సోమవారం ఆ చేతులు ఎంత జాగ్రత్తగా మూత బిగించేవో, అదే గుర్తొచ్చింది.

మర్నాడు ఆఫీసు గేటు దగ్గరే ఆగిపోయింది.

"టీ పెద్దాయన ఎక్కడుంటాడు?"

"తెలీదమ్మా. కాంట్రాక్టరుకిచ్చిన నంబరు కూడా పనిచెయ్యట్లేదు" అని వాచ్‌మన్ తన గదిలోకి వెళ్ళి ఒక డబ్బా తెచ్చాడు. "ఇది మీకిమ్మన్నాడు. మీ అంతట మీరు అడిగితేనే ఇమ్మన్నాడు. అడక్కపోతే పారేయమన్నాడు."

అందులో సగానికి పైగా మెత్తటి పంచదార. నెల రోజులది.

"మీ డబ్బాలోంచి తీసిందటమ్మా. పరాయి సొమ్ము కదా, ఎవరి టీలోనూ వెయ్యలేదు."

"మరి నా డబ్బాలో పోసింది?"

"అది ఆయనదేనమ్మా. ఆయనకి షుగరు. వాళ్ళమ్మాయి పంపేది" అన్నాడు వాచ్‌మన్. "ఆ నెలంతా చప్పటి టీ తాగేవాడు. ఏంటయ్యా అంటే, నాకు తీపి ఎక్కదులే అనేవాడు."