అద్దం అవతలి మనిషి

"నటుడు వచ్చాడా?" అని హెడ్ మేడమ్ గాభరాగా అడిగింది.

"వరండాలో మన కౌన్సెలింగ్ బోర్డు కింద బెంచీ మీద ఉన్నాడు మేడమ్. ముఖం చూస్తేనే మనకి ఏడుపొస్తుంది. గట్టివాడే దొరికాడు," అన్నాడు కుర్ర లెక్చరరు.

లెక్చరరు వరండాలోకి పరిగెత్తాడు.

"కౌన్సెలింగ్‌కి వచ్చింది మీరేనా?"

"నేనేనయ్యా," అంటూ పెద్దాయన లేచాడు.

"ఇంత ఆలస్యమైతే ఎలాగండీ?"

"నిజమే. ఎప్పుడో రావాల్సింది."

లెక్చరరు ఆయన్ని గదిలో కూర్చోబెట్టి, అద్దం వెనకకు వచ్చేశాడు. ఇటునుంచి చూస్తే అటు కనబడుతుంది, మాట స్పీకర్లో వినబడుతుంది. అటునుంచి చూసేవాళ్ళకి మాత్రం తమ ముఖమే కనబడుతుంది.

సైకాలజీ డిగ్రీ ముగించే పిల్లలు నిజంగా ఏం నేర్చుకున్నారో రుజువు చూపించమని కాలేజీ తనిఖీ కమిటీ అడిగింది. అందుకే ఈ కొత్త పరీక్ష. ఉద్యోగం పోయిన మనిషిగా ఒక నటుడు కూర్చుంటాడు. పిల్లలు ఒక్కొక్కరూ వెళ్ళి ఆయనతో మాట్లాడాలి. పలకరించారా, బాధను గుర్తించారా, మర్యాదగా ముగించారా అని చూసి అద్దం వెనక మార్కులు వేస్తారు. మనసును తూకం వేయడానికి ఇంతకన్నా మంచి తక్కెడ ఎవరికీ తోచలేదు.

మొదట ఒక చురుకైన కుర్రాడు వెళ్ళాడు.

"నమస్కారం సార్. మీ సమస్య చెప్పండి."

"మా ఆవిడ పోయింది బాబూ. అప్పట్నుంచి ఏం తిన్నా గడ్డి తిన్నట్టే ఉంటోంది..."

"మీరు బాధపడుతున్నారని నాకు అర్థమవుతోంది."

"ఆఁ, బాధే."

"మీ బాధను మీరే ఒప్పుకోవడం చాలా మంచి విషయం. థాంక్యూ సార్."

అద్దం వెనక మేడమ్ విసుక్కుంది.

"ఉద్యోగం పోయిందని చెప్పమంటే పెళ్ళాం పోయిందంటాడేంటి? ఈ నటులకి సొంత పైత్యం ఎక్కువ."

"పోనీలెండి మేడమ్, ఏదో ఒకటి పోయింది కదా," అని లెక్చరరు కుర్రాడికి నిండుగా మార్కులు వేశాడు.

తర్వాత ఒక అమ్మాయి వెళ్ళింది.

"ఇందాకటి బాబుకి చెప్పానమ్మా," అన్నాడు పెద్దాయన.

"నాక్కూడా చెప్పండి సార్."

చెప్పాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకీ చెప్పాడు. చెప్పేకొద్దీ మాటలు తగ్గాయి. పెద్ద డాక్టరుగారు ఎప్పుడొస్తారని ఒకసారి అడిగాడు. ఆ తర్వాత అదీ అడగలేదు.

"రానురాను నటన చప్పబడిపోతోంది," అని మేడమ్ పెదవి విరిచింది.

అందరికన్నా చివర వెళ్ళింది నిదానం.

అది అసలు పేరు కాదు, క్లాసు పెట్టిన పేరు. అందరూ పేపరిచ్చి ఇళ్ళకు పోయేసరికి ఆ పిల్ల రెండో ప్రశ్నలో ఉంటుంది. ఇప్పటికే ఒక ఏడాది తప్పింది. ఈ పరీక్ష కూడా పోతే చదువు మాన్పిస్తానని వాళ్ళన్నయ్య తేల్చి చెప్పేశాడు.

"మళ్ళీ మొదట్నుంచి చెప్పాలా తల్లీ?"

"వద్దు బాబాయ్‌గారూ. ఓపికుంటేనే చెప్పండి."

ఆమె కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని కూర్చుంది. స్పీకర్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మాట్లాడదేంటి! టైమైపోతోంది," అని లెక్చరరు తల పట్టుకున్నాడు.

చాలాసేపటికి పెద్దాయన తనంతట తానే నోరు విప్పాడు.

"ఉంగరం, బీరువా తాళాలు టేబుల్ మీద పెట్టేసి వచ్చానమ్మా. అమ్మాయికి దొరుకుతాయి."

"చచ్చిపోదామనుకున్నారా?"

పెద్దాయన తల వంచుకున్నాడు.

"మీ అమ్మాయి నంబరు నోటికొచ్చా?"

ఆయన చెప్పాడు. నిదానం ఫోను తీసింది.

మేడమ్ తలుపు తోసుకుని గదిలోకి వచ్చేసింది.

"పరీక్షలో ఫోనా? నీకేమైనా మతిపోయిందా? నడు బయటికి!"

"వెళ్తాను మేడమ్. ఈయన్నీ తీసుకెళ్తాను."

"నీ మార్కులేమవుతాయో తెలుసా?"

"తెలుసు మేడమ్," అంది నిదానం. అయినా పెద్దాయన చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది.

"చోద్యం! పరీక్ష రాయమంటే ప్రశ్నపత్రాన్నే పట్టుకుపోయింది," అని మేడమ్ అద్దం వెనక్కి వచ్చి ఆ పిల్ల పేరు ఎదురుగా సున్నా చుట్టింది. మిగతా అందరూ పాసు. కమిటీకి చూపించడానికి ఇంతకన్నా ఏం కావాలి!

కాసేపటికి ఒకావిడ ఆయాసపడుతూ వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఇక్కడ పెద్ద మేడమ్ మీరేనా అండీ? మా నాన్న కింద టీ కొట్టు దగ్గరున్నారు."

"ఓ, ఆయన అమ్మాయివా? మీ నాన్నగారు బాగానే చేశారు గానీ, చివర్లో కాస్త తేలిపోయారు."

"చేయడమేంటి మేడమ్?"

లెక్చరరుకు అనుమానం వచ్చి, పరీక్ష కోసం నోరు నొక్కి పెట్టిన తన ఫోను తీసి చూశాడు. నటుడు పంపిన కబురు ఉంది: బస్సు దొరకలేదు, క్షమించండి, రేపు వస్తాను.

అతను ఫోను మేడమ్ ముందు పెట్టాడు. ఆమె చదివి, అద్దంలోంచి అవతలి ఖాళీ కుర్చీని చూసింది.

"పొద్దున్నుంచి ఊరంతా గాలిస్తున్నాం మేడమ్," అంటోంది ఆవిడ. "మీ కాలేజీ అమ్మాయి ఫోను చేసి ఉండకపోతే నాన్న మాకు దక్కేవారు కాదు. ఇప్పుడు టీ తాగుతున్నారు. ఆ పిల్ల చెయ్యి మాత్రం వదలట్లేదు. ఎంత బాగా నేర్పారండీ! మీ క్లాసులో ఆ అమ్మాయే ఫస్టు కదూ?"

హెడ్ మేడమ్ కళ్ళు తుడుచుకుంది.

"అవునమ్మా. ఆ సంగతి మాకిప్పుడే తెలిసింది."