జాతర చూడవచ్చేవారికి జాగ్రత్తలు

"గోడకి ఆనుకుని నిలబడండి. ఫొటోలు తియ్యొద్దు, కెమెరా కనపడితే పగలగొడతారు. ఎవరన్నా మొక్కజొన్న కల్లు ఇస్తే కాదనకండి. ముందు నేలతల్లికి కాస్త పోసి, తర్వాత మీరు తాగండి. ఏం జరిగినా మధ్యలోకి మాత్రం వెళ్లకండి."

బసీలియా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. బొలీవియా కొండల్లో మే నెల జాతర చూడవచ్చే పరదేశీయులకు ఆమే గైడు.

"వెళ్తే ఏమవుతుంది?" అంది ఆనెలీస్. బెల్జియం నుంచి వచ్చిన టీచరమ్మ.

"మిమ్మల్నీ కొడతారమ్మా. పడ్డవాడు లేవకపోతే రాళ్లు పడతాయి. అప్పుడు చర్చిలోకి పరుగెత్తండి. నిరుడు ఒకడు ఆ రాళ్ల దెబ్బలకే పోయాడు."

బరిలోకి ఇద్దరు దిగారు. పై ఊరి ఫోర్తునాతో, కింది ఊరి సెనోన్. నెత్తిన దళసరి తోలు టోపీలు, పిడికిళ్లకు పట్టీలు. ఏటా రెండు ఊళ్ల వాళ్లూ కొట్టుకోవాలి, నేల మీద నెత్తురు పడాలి. లేకపోతే బంగాళాదుంప ఊరదని నమ్మకం.

"పెళ్లాన్ని అడిగే వచ్చావా?" వెక్కిరించాడు సెనోన్.

ఫోర్తునాతో పిడికిలి అతని మూతి మీద పడింది. పన్ను ఊడి నెత్తుటితో పాటు నేల రాలింది. రెండో గుద్దుకి సెనోన్ బోర్లా పడ్డాడు. పై ఊరి జనం రాళ్ల కోసం వంగారు.

"లెయ్యి! లేచి కొట్టు!" గొంతు చించుకుంది బసీలియా.

సెనోన్ లేచాడు. ఎద్దులా వచ్చి తలతో కుమ్మాడు. ఫోర్తునాతో ముక్కు పగిలింది. డొక్కలో రెండు తన్నులు పడేసరికి వెల్లకిలా కూలాడు. ఈసారి కింది ఊరివాళ్ల చేతుల్లోకి రాళ్లొచ్చాయి.

"లెయ్యి! చచ్చిన శవంలా పడుకుంటావేం? లేచి కొట్టు!" మళ్లీ బసీలియానే.

నెత్తురు చూడ్డానికి సముద్రాలు దాటి వచ్చిన ఆనెలీస్‌కి, నెత్తురు కనపడగానే ఒళ్లు మండిపోయింది.

"ఛీ! నువ్వసలు ఆడదానివేనా? ఎవడు పడితే వాణ్ణి ఎగదోస్తున్నావ్!" అంటూ బరివైపు దూసుకెళ్లింది. బసీలియా ఆమెని రెక్క పట్టుకుని లాగి గోడకేసి అదిమింది.

"మీరెళ్తే ఎవరూ ఆగరు. ఆ రాళ్లు ఇప్పుడే పడతాయి."

"నువ్వు ఏ ఊరి తరఫు?"

"ఏ ఊరి తరఫూ కాదు."

ఫోర్తునాతో మోకాళ్ల మీద లేచాడు, తర్వాత నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు పట్టుకుని దొర్లారు. ఏ నెత్తురు ఎవరిదో తెలియలేదు. చివరికి పోలీసులు కొరడాలు ఝళిపించి విడదీశారు. ఇద్దరూ ఊపిరితోనే ఉన్నారు.

"ఇంతకీ ఎవడు గెలవాలని అరిచావు?" అడిగింది ఆనెలీస్, అసహ్యంగా.

బసీలియా పరుగెత్తుకెళ్లి ఆ ఇద్దరి మధ్యా కూలబడి, ఏడుస్తూ, ఒక చేత్తో మొగుడి నెత్తురూ ఇంకో చేత్తో తమ్ముడి నెత్తురూ తుడిచింది.