ఏ గంటకు పోయినట్టు

నాకున్నవి బాన్సువాడలో రెండు షట్టర్ల ఎరువుల దుకాణం, దాని వెనకే ఇల్లు, చేతిలో నా భార్య ప్రేమల చేయి.

చేయి ఇంకా వెచ్చగా ఉంది.

తలలో నరం చిట్లి హైదరాబాద్ దవాఖానకు తెచ్చి మూడు రోజులు. ఊపిరి మిషన్‌ది.

"మెదడు పనిచేయట్లేదని తేల్చే రెండో పరీక్ష కూడా పొద్దున ఆరింటికి చేశాం. ఆమె చనిపోయారు," అన్నాడు డాక్టర్. "మిషన్ వల్లే గుండె ఆడుతోంది. మీరు ఒప్పుకుంటే అవయవాలు కొందరిని బతికిస్తాయి. సాయంత్రం నాలుగింటికి తీసుకుంటాం."

మా అత్త లచ్చవ్వ కూతురి పాదం వదల్లేదు.

"ఒళ్లు గింత వెచ్చగుంటే పోయిందంటడేంది? గుండె ఆగినంకనే పోయినట్టు."

బయటికొచ్చి ఊళ్లో పంతులుకు ఫోన్ చేసి రెండు వేళలూ చెప్పాను.

"పొద్దున ఆరింటికైతే శ్రవణా నక్షత్రం. ఏ దోషం లేదు సేటూ. పగలు రెండు దాటితే ధనిష్ఠ. ధనిష్ఠల పోతే ఆర్నెల్లు ఇల్లు విడిచిపెట్టాలె."

"దుకాణం?"

"ఇంట్లనే ఉన్నది కదా. అది గూడ."

వరినాట్లు మొదలయ్యే వారం అది. మంచి దారి దొరికిందనుకున్నాను.

"అత్తా, ఆరింటికే పోయిందనుకుందాం. సంతకానికి అడ్డు ఉండదు. ఇంటికి దోషం ఉండదు."

ఆమె తలెత్తింది.

"దుకాణం కోసం నా బిడ్డను పొద్దుగాలనే సంపుతున్నవా?"



కూతురి పాదం మీద దుప్పటి సర్ది మళ్లీ ఆమే అంది.

"గడపకొచ్చినోళ్లను ఉత్త చేతులతోని పంపలే అది. ఇయ్యి. కాని బతికున్నదనే ఇయ్యి, అల్లుడా. పోయిందని చెప్పి ఇయ్యకు."

"చెప్పను."

సంతకం పెట్టాను. కాగితంలో చనిపోయిన వేళ వాళ్లు ఆరు గంటలనే రాశారు.

నాలుగింటికి ఆపరేషన్ గది తలుపు దాకా ఆమె చేయి పట్టుకుని నడిచాను.

పంతులుకు నాలుగింటికి పోయిందనే చెప్పాను.

దహనమయ్యాక ఇంటికీ దుకాణానికీ తాళాలు వేసి, నేనూ అత్తా వర్ని రోడ్డులో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం.

పక్క దుకాణం ముజమ్మిల్ వచ్చి కూర్చున్నాడు.

"కాగితంల ఆరే ఉంది కదన్నా. అదే చెప్తే అయిపోతుండె. ఇగ సీజన్ మొత్తం పాయె."

"పాయె," అన్నాను.

నాట్లు అయిపోయాయి. నా రైతులు వేరే దుకాణాలకు అలవాటుపడ్డారు.

గుండె ఒకరికి, కాలేయం ఒకరికి, మూత్రపిండాలు ఇద్దరికి చేరాయని ఉత్తరం వచ్చింది.

నాకు ప్రేమల పది గంటలు ఎక్కువ దక్కింది.