గద్ద కాదు, డేగ

బాల్కనీలోంచి ఈకలు ఎగిరొచ్చి కుట్టుమిషను మీద పడ్డాయి.

కోడలు పెడల్ మీంచి కాలు తీసేలోపే అత్తగారి కేక వినిపించింది.

"గద్దే! నా పావురాన్ని తన్నుకుపోయిందే!"

కేక సగంలోనే దగ్గయింది. కోడలు పరుగెత్తి వీపు నిమిరింది. నాలుగు నెలలుగా ఇదే దగ్గు. ఇద్దరు డాక్టర్లు మారారు, మందుసీసాలు కిటికీ నిండా చేరాయి. మంచం దగ్గర్నుంచి బాల్కనీ దాకా నడిచినా ఆవిడకి ఇప్పుడు ఆయాసమే. ఈ మనిషి మనకి దక్కుతుందా అని కోడలికి లోలోపల భయం. పైకి అనేది కాదు.

ఇంత జబ్బులోనూ పొద్దున్నే పావురాలకి గింజలు వెయ్యడం మాత్రం మానలేదు. ఈ మూడో అంతస్తు వాటాలో దిగిన రోజే అవి పిట్టగోడ మీద బారులు తీరి ఉన్నాయి. కింద ఓ మూల పాత మట్టిమూకుడు.

"చూశావా, మనకోసమే కాచుక్కూచున్నాయి," అని మురిసిపోయి, ఆవిడ ఆ మూకుట్లోనే గింజలు పోసింది.

"అది గద్ద కాదమ్మా!"

మాట ఎదుటి మేడ డాబా మీంచి వచ్చింది. అక్కడి ఒంటిగదిలో ఓ పెద్దమనిషి ఉంటాడు. మెడలో ఎప్పుడూ దుర్భిణి వేలాడుతుంది కాబట్టి వీధిలో ఆయన పేరు దుర్భిణీగారు. అంతకుముందు రెండుసార్లు గింజలు వెయ్యొద్దన్నాడు. పావురాలంటే గిట్టని మనిషని అత్తగారు అప్పుడే తేల్చేసింది.

"గద్ద తోక చివర చీలినట్టుంటుంది. పైన తీరిగ్గా చక్కర్లు కొడుతుంది. దీని తోక చీలి లేదు, దాని మీద అడ్డచారలున్నాయి. ఇళ్ళ మధ్యలోంచి సర్రున దూసుకొచ్చింది చూశారా? డేగ!"

"ఏదైతేనేం, పోయింది నా పావురమేగా!"

"దాన్ని తరమకండమ్మా. అదుంటే పావురాలు వాటంతటవే పోతాయి."

అత్తగారికి ఒళ్ళు మండిపోయింది. "దొంగ తరఫున వకాల్తా పుచ్చుకున్నారా?"

మళ్ళీ దగ్గు ముంచుకొచ్చింది. ఆయన దుర్భిణి ఎత్తి ఇటే చూస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం కొడుకు వింటూనే మండిపడ్డాడు.

"ఇంట్లోకి దుర్భిణి పెట్టి చూస్తాడా?"

"పిట్టల్ని చూస్తారటండీ."

"మనింట్లో పిట్టలేమున్నాయి?"

"మీ అమ్మగారిని అడగండి, మందల లెక్కన ఉన్నాయి."

కొడుకు నవ్వలేదు. రెండు మేడల యజమానీ ఒక్కడే. "ఆయనైనా ఉండాలి, మేమైనా ఉండాలి," అని అతనికి ఫోన్ చేసి చెప్పేశాడు. యజమాని కాసేపు నీళ్ళు నమిలి సరేనన్నాడు.

వారం తిరక్కుండా పెద్దమనిషి పెట్టె సర్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ మూడంతస్తులూ ఎక్కొచ్చి కోడలి చేతిలో ఓ మడత కాగితం పెట్టాడు.

"మొత్తం చదువు తల్లీ," అన్నాడు.

కోడలు పై మడత విప్పింది. రెండు తోకల బొమ్మలు. చీలింది గద్ద, చారలది డేగ. పోతూ పోతూ కూడా పాఠమేనా అని నవ్వుకుంది. అంతలో ఒకాయన చొక్కా కుట్టమని వచ్చాడు. కొలతలు రాయడానికి చేతికందింది ఆ కాగితమే. దాని వెనకవైపు ఛాతీ, భుజం, చెయ్యి కొలతలు రాసి, మడిచి గుడ్డకి పిన్ను గుచ్చేసింది.

పదిరోజులకి ఆ గుడ్డ కత్తిరించే వంతు వచ్చింది. కాగితం పూర్తిగా విప్పి బల్ల మీద పరిచేసరికి బొమ్మల కింద అక్షరాలు కనిపించాయి.

"అమ్మగారి దగ్గుకి పావురాల రెట్టల దుమ్ము కారణం కావచ్చు. గింజలు ఆపండి. డేగని ఉండనివ్వండి. ఊపిరితిత్తుల డాక్టరుకి పావురాల సంగతి చెప్పండి. ఆయన అడక్కపోయినా మీరే చెప్పండి."

కత్తెర పక్కన పెట్టి కోడలు మొగుడికి ఫోన్ చేసింది.

మర్నాడు డాక్టరు వాళ్ళని ఎగాదిగా చూశాడు. "ఇన్నాళ్ళూ ఈ మాట ఎవరికీ చెప్పలేదా?"

"పిట్టల గురించి డాక్టర్లతో ఏం చెబుతామనుకున్నామండీ," అంది కోడలు.

పరీక్షలయ్యాక ఆయన, "వేళకొచ్చారు. ఇంకో ఆర్నెల్లాగితే నేనూ చేతులెత్తేసేవాణ్ణి," అన్నాడు.

కొడుకు ముక్కుకి గుడ్డ కట్టుకుని బాల్కనీ అంతా తడిపి కడిగాడు. అత్తగారు మూడురోజులు అలిగి, నాలుగోరోజు తనే మూకుడు బోర్లించమంది. డేగ రోజూ వచ్చి నీళ్ళట్యాంకు మీద కూర్చునేది. పావురాలు తమ దారి తాము చూసుకున్నాయి.

మూడోనెలలో ఒకరోజు ఆవిడ వీధిలోకి వెళ్ళి, మూడంతస్తులూ ఎక్కొచ్చి, ఒక్కసారైనా దగ్గకుండా, "ఏమే, ఎంతసేపూ ఆ మిషనేనా? మంచినీళ్ళియ్యి!" అని గదమాయించింది.

ఆ గదమాయింపుకి కోడలికి సంతోషంతో ఏడుపొచ్చింది.

"ఆ దుర్భిణీ ఆయన ఎక్కడున్నాడో కనుక్కోరా. దణ్ణం పెట్టాలి," అంది అత్తగారు.

కొడుకు తేలుకుట్టిన దొంగలా తల వంచుకుని యజమానికి ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా పెట్టాడు.

"ఎక్కడున్నాడో నాకూ చెప్పలేదు బాబూ. అప్పుడప్పుడు తనే ఫోన్ చేస్తాడు. ఆవిడ దగ్గెలా ఉందని ఒక్కటే అడుగుతాడు. పూర్తిగా తగ్గిందని నిన్ననే చెప్పాను. హమ్మయ్య అన్నాడు."

"మేం ముక్కూ మొహం తెలియనివాళ్ళం. పైగా వెళ్ళగొట్టించాం. మేమంటే ఆయనకెందుకండీ అంత ఇది?" అన్నాడు కొడుకు.

యజమాని గొంతు సవరించుకున్నాడు.

"తెలిస్తే వాటా ఎవరూ తీసుకోరని నేనే ఆయన్ని నోరెత్తొద్దని బతిమాలాను బాబూ. మీకు ముందు ఆ వాటాలో ఉన్నది ఆయనే. మీ బాల్కనీలో పాత మూకుడొకటి ఉండాలి చూడండి, దాంట్లో గింజలు పోసీ పోసీ, దగ్గీ దగ్గీ పోయింది ఆయన భార్యే."